నాలుగో పిండికట్టు

(మా వీధి లైబ్రరీలో ఆదివారం సాయంత్రం జరిగిన మీటింగులో మాట్లాడినది. ఫోన్ రికార్డింగు విని టైపు చేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. మైకు వద్దన్నాను గానీ ఆ ఫ్యాను చేసే చప్పుడికి వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి వినపడేలా లేదు, పట్టుకుంటాను. బయట బోర్డు మీద సెక్రటరీ గారు "విదేశాల్లో సేవ, నా అనుభవాలు" అని రాయించారు, చాక్ పీస్ తో పువ్వు కూడా వేయించారు, థాంక్సండి. కానీ అనుభవాలేం లేవు, నేనింకా వెళ్ళలేదు. (నవ్వులు) ఫ్లైటు బుధవారం. అందుకని వెళ్ళేముందు కడుపులో తిరుగుతున్నదేదో అదే చెప్తాను, ఏడున్నరకల్లా వదిలెయ్యండి, స్టేషన్ కి వెళ్ళాలి, ఎందుకో చివర్లో చెప్తాను.

నన్ను చాలామందికి తెలుసు, గార్డు గారమ్మాయిని. ఫిజియోథెరపీ చదివాను, ఆరేళ్ళుగా పిల్లల ఎముకల క్లినిక్ లో పని. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది వంకర పాదాలతో పుట్టిన పిల్లలు, క్లబ్ ఫుట్ అంటారు, పాదం లోపలికి, కిందికి తిరిగిపోయి ఉంటుంది. వెయ్యి మందిలో ఒకరికి, అటూ ఇటూగా, ఉంటుంది. గ్రహణంలో తల్లి ఏదో కోసింది అందుకే ఇలా పుట్టాడు అని ఇప్పటికీ అంటారండి, ఆ అనేది కూడా అత్తగారు, ఆ పక్కనే తల్లి తలొంచుకుని కూర్చుని ఉంటుంది, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. తల్లి చేసిందేం లేదు.

దీనికి పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. పొన్సెటి అని స్పెయిన్ లో పుట్టి అమెరికాలో అయోవాలో పనిచేసిన డాక్టరు గారు 1940ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి ఉంది, ఆయన చెప్పింది ముప్పై నలభై ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1990ల తర్వాతే ప్రపంచమంతా అటు తిరిగింది. వారానికో పిండికట్టు. పాదాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పి, తిప్పిన చోట పిండికట్టు వేసి వారం ఉంచి, మళ్ళీ తీసి ఇంకొంచెం తిప్పి మళ్ళీ కట్టు. చిన్నపిల్లలకి ఐదో ఆరో కట్లు పడతాయి, తర్వాత చాలామందికి మడమ వెనక నరం దగ్గర, మనం నరమంటాం గానీ అది టెండాన్, అక్కడ చిన్న గాటు పెడతారు, ఆఖర్న రెండు బూట్లకి మధ్యలో రాడ్డు ఉండే బ్రేసు.

కట్టు వేసేటప్పుడు చూడాలండి మీరు. పాప ఆకలితో రావాలి, ముందే తల్లికి చెప్తాం, పాలు పట్టకుండా తీసుకురా అని. టేబుల్ ఎక్కించాక అప్పుడు పాలు. పాప పాలు తాగుతుంటే కాలు మెత్తబడుతుంది, బొటనవేలు దగ్గర ఎముకని పైకెత్తి, ఇంకో చేతి బొటనవేలు చీలమండ పక్కన ఒక చోట, సరిగ్గా ఒకే చోట ఆనించి, పాదాన్ని బయటికి తిప్పాలి. బలంగా కాదు. మా సారు అంటారు, పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో అని. మొదటి రెండేళ్ళు నేను కాలు మాత్రమే పట్టుకునేదాన్ని, సారు కట్టు వేసేవారు. ఇప్పుడు నేను వేస్తా, సారు పక్కన టీ తాగుతూ చూస్తారు, చూడనట్టు చూస్తారు.

సరే. ఇదే పని చెయ్యడానికి ఒక సంవత్సరం ఉగాండా వెళ్తున్నా. ఎంబాలే అని తూర్పు వైపు ఊరు, ఎల్గాన్ కొండ పక్కన. జీతం లేదు, గదికి, తిండికి ఇస్తారు, టికెట్ వాళ్ళదే. ఈ మాట చెప్పగానే మన వీధిలో వచ్చిన మొదటి ప్రశ్న, అమెరికా రాలేదా? (నవ్వులు) మీరే అడిగారు పిన్నీ, నవ్వకండి. రెండో ప్రశ్న, అక్కడ సింహాలుంటాయా. మూడోది మా అమ్మ, ఆవిడ ప్రశ్న అడగలేదు, పొయ్యి కట్టేసి లోపలికెళ్ళిపోయింది.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి ఉగాండాకి. హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం అని ప్రభుత్వ టీకాల సంస్థ ఉంది, అక్కడ వేయించుకున్నా, పసుపురంగు పుస్తకం ఇస్తారు, వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచి చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం పనికొస్తుందని చేశారు. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టాను. అప్పటిదాకా అమ్మకి ఇదంతా ఏదో మాటవరసకి అంటున్నట్టుండేది. పుస్తకం చూశాక, వచ్చే నెల నీ పుట్టినరోజు కదే, అందరం ఎక్కడికైనా వెళ్దాం అంది. నాకు ముప్పై నిండుతున్నాయి. అలా కుదిరింది అరకు.

మీరందరూ ఓ పది సార్లు వెళ్ళే ఉంటారు కాబట్టి అరకు గురించి చెప్పను. మా నాన్నతో ఆ రైలెక్కడం గురించి మాత్రం చెప్పాలి. నాన్న కేకే లైను, అదే కొత్తవలస-కిరండూల్ లైను మీద గూడ్స్ గార్డు. 2022లో గార్డు పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు, ఆయన అప్పటికే రిటైరు, మేనేజర్ ఏంటి బ్యాంకులో లాగా, నేను గార్డునే అంటారు. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం వేసుకుని మన విశాఖ పోర్టుకి దిగే బండ్లకి వెనక బ్రేక్ వ్యాన్ లో ఒక్కరూ కూర్చునేవారు. ఆ లైను వేసిందే ఆ ఖనిజం జపాన్ కి పంపడానికి, 1960ల్లో. మనకి అది పిక్నిక్ రైలు, ఆయనకి డ్యూటీ. మా చిన్నప్పుడు నాన్న అంటే గుమ్మం పక్కన డ్యూటీకి తీసుకెళ్ళే ఇనుప పెట్టె, లైన్ బాక్సు, అది ఉంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

పొద్దున్న బండి బయల్దేరి కొత్తవలస దాటేదాకా ఆయన మామూలుగానే ఉన్నారు, ఇడ్లీ తిన్నారు. ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చాక ఇంజను గొంతు మారుతుంది, ఎత్తు మొదలవుతుంది. అప్పట్నుంచి నాన్న కిటికీ వదల్లేదు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, స్టేషన్ రాకముందే పేరు చెప్పెయ్యడం, టన్నెల్ రాకముందే నంబరు చెప్పెయ్యడం, మా అన్నయ్య కొడుకు ఏడేళ్ళవాడు తాతని టెస్ట్ చేస్తున్నాడు, ఒక్కటీ తప్పలేదు. 58 టన్నెళ్ళండి. వదిన కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది నాలుగు గంటలు, పాపం. టన్నెల్లో చీకటి పడగానే వీడు, అత్తా ఇప్పుడు క్యాండిల్ వెలిగిద్దాం అన్నాడు. నాన్న ఒక్క అరుపు అరిచారు, రైల్లో అగ్గిపుల్లా! అని. బోగీ అంతా ఇటు తిరిగింది. ఉద్యోగం వదిలి నాలుగేళ్ళయినా ఉద్యోగం ఆయన్ని వదల్లేదు.

శిమిలిగూడలో బోర్డు మీద ఉంటుంది కదా, సముద్ర మట్టానికి 996.32 మీటర్లు అని. ఒకప్పుడు దేశంలో బ్రాడ్ గేజ్ మీద అన్నిటికంటే ఎత్తున్న స్టేషన్ అదే. అక్కడ బండి ఆగినప్పుడు నాన్న మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు అన్నారు, నువ్వు పుట్టిన రాత్రి నేను ఇక్కడున్నాను అని. సింగిల్ లైను, ఎదురు బండికోసం ఆపేశారట, తెల్లారేదాకా ఆగిపోయింది. కేజీహెచ్ ఆసుపత్రిలో అమ్మ పక్కన అమ్మమ్మ ఉందట. ముప్పై ఏళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదండి. నేను వెళ్తున్నా అన్నందుకు ఒప్పుకున్నట్టా, వద్దన్నట్టా, నువ్వూ నాలాగే అన్నట్టా, ఇప్పటికీ అర్థం కాలేదు. అడిగితే చెప్పరు. చలిగా ఉందే, కిటికీ దించు అన్నారు అంతే.

వలిసెపూల టైమండి అది. చూసే ఉంటారు, కొండవాలంతా పసుపు పరిచినట్టు. నిజంగా సంతోషంగా ఉన్నానా రోజు. ఫోటోలు చూస్తే అన్నిట్లో నవ్వుతూనే ఉన్నా. మధ్యలో ఒక ఫోటోలో మాత్రం అమ్మ పూల వైపు చూడకుండా నన్ను చూస్తోంది, వదిన తీసింది, అది ఫోన్లోంచి తియ్యాలా ఉంచాలా తెలీక ఉంచేశాను.

మధ్యాహ్నం రోడ్డు పక్కన బొంగు చికెన్ కి ఆగాం. పచ్చి వెదురుబొంగులో కోడిమాంసం కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద దొర్లిస్తూ ఉంటారు, నూనె వెయ్యరు. అమ్మేది ఒకావిడ, పాతికేళ్ళుంటాయేమో. పక్కన ఒక పిల్లాడు నిప్పులకి పుల్లలు అందిస్తున్నాడు. నేను బొంగు చీల్చడం చూస్తున్నదాన్ని పిల్లాడి నడక చూశాను. ఎడమ పాదం బయటి అంచు మీద నడుస్తున్నాడు, ఆ అంచున కాయ కాసి చర్మం నల్లగా, మందంగా అయిపోయింది. ఐదేళ్ళుంటాయి. నాకు చేతులు ఆగలేదు, వాడి పక్కన కూర్చుని పాదం పట్టుకున్నా, గిలిగిలి అని లాక్కున్నాడు.

ఆవిడ అంది, పుట్టినప్పుడు పట్నంలో సూపించినామమ్మా, మూడు కట్లు కట్టినారు, నాలుగోదానికి ఎల్లలేకపోనాం. ఎందుకు? బస్సు సార్జీలు, ఒక రోజు కూలి పోద్ది, ఒక్కోసారి రెండ్రోజులు పోద్ది, మా ఆయన ఒద్దనీసినాడు. కోపంగా ఏం చెప్పలేదు, ధర చెప్పినట్టు చెప్పింది. నువ్వు డాకట్రువా అంది. కాదు, కట్లు వేస్తాను అన్నా. అయితే ఏసీ మరి, అంది. ఇప్పుడు ఇక్కడ కుదరదమ్మా, క్లినిక్ కి రావాలి, కానీ నేను వచ్చే నెల ఉండను, ఆఫ్రికా వెళ్తున్నా. ఎందుకు? ఇలాంటి పిల్లలకి కట్లు వెయ్యడానికి. ఎంతిత్తారేటి జీతం? జీతం ఉండదు. ఆవిడ బొంగు పక్కనపెట్టి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. మరెందుకమ్మా, అంది.

ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న అడిగారండి నన్ను, నలభై నిమిషాలు గలగలా చెప్పాను. అక్కడ ఆ నిప్పుల ముందు నోట్లోంచి మాట రాలేదు.

అమ్మ వెనక నిలబడి ఉంది. చూశావా, అంది. అంతే, ఇంకో మాట లేదు. సాయంత్రం కేకు కోశాం, సగం నలిగిపోయింది, అన్నయ్య పాట పాడాడు, చాలా దరిద్రంగా పాడాడు. రాత్రి గదిలో నిద్ర పట్టలేదు. ఇంటికి 115 కిలోమీటర్ల దూరంలో మూడు కట్లతో ఆగిపోయిన పిల్లాడు ఉంటే వాడిని దాటుకుని సముద్రం అవతలికి సేవ అని వెళ్ళడం, ఇది సేవా, లేకపోతే ముప్పై ఏళ్ళొచ్చి పెళ్ళిచూపుల నుంచి పారిపోవడానికి మర్యాదైన దారా? రెండోది కూడా కొంత ఉందండి, ఉంది, అబద్ధమెందుకు. (నవ్వులు) ప్రపంచం చూడాలనీ ఉంది. అమ్మని బాధపెడుతున్నాననీ ఉంది. ఇవన్నీ ఒకే రాత్రి, ఒకే దుప్పట్లో.

ఇంటర్వ్యూలో చెప్పింది కూడా అబద్ధం కాదు. అదీ వినండి. ఉగాండాలో ఈ పని ఎలా చేశారంటే, ఎముకల డాక్టర్లు సరిపోరు కాబట్టి, ఆర్థోపెడిక్ ఆఫీసర్లని ఒక కేడర్ ఉంది వాళ్ళకి, డాక్టర్లు కారు, వాళ్ళకి కట్లు వెయ్యడం నేర్పించి జిల్లా ఆసుపత్రుల్లోనే క్లినిక్కులు పెట్టారు, 2004 ప్రాంతంలో ప్రభుత్వంతో కలిసి మొదలైంది. దాని వెనక ఉన్నవారిలో ముఖ్యులు షఫీక్ పిరానీ గారు. మేము రోజూ పిల్లల పాదానికి మార్కులేస్తాం, సున్నా నుంచి ఆరు, ఆరంటే బాగా వంకర, దాన్ని పిరానీ స్కోరు అంటారు, ఆయన పేరే. ఆయన ఉగాండా మనిషి, మన వైపు మూలాలున్న కుటుంబం. 1972లో అక్కడి నియంత ఇదీ అమీన్ ఆసియా వాళ్ళందరినీ 90 రోజుల్లో వెళ్ళిపొమ్మన్నాడు కదా, అలా దేశం వదిలిన వాళ్ళలో ఒకరు. కెనడాలో సర్జన్ అయి, తరిమేసిన దేశానికే మళ్ళీ వెళ్ళి ఇది మొదలుపెట్టారు.

ఇంకోటి. కట్లు అయ్యాక ఇచ్చే బ్రేసు ఉంది కదా, మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రిపూట. చాలామంది ఇక్కడే మానేస్తారు, కాలు బాగానే కనిపిస్తోంది కదా, పిల్లాడు ఏడుస్తున్నాడు కదా అని, మళ్ళీ తిరిగిపోతుంది. ఆ బ్రేసు అమెరికాది కొనాలంటే మనవాళ్ళవల్ల కాదు. మా క్లినిక్ లో ఇచ్చేది స్టీన్ బీక్ బ్రేసు, తోలూ ఇనప రాడ్డూ ఉంటే మామూలు వర్క్ షాపులో తయారవుతుంది. అది రూపొందింది ఉగాండాలో. అరకు నుంచి వచ్చిన మర్నాడు ఒక జత ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి అమ్మకి చెప్పా, ఇది అక్కడినుంచి వచ్చింది, మనకి వాళ్ళు నేర్పారు అని. అమ్మ బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత చిన్నదా, అంది. తర్వాత, అన్నం తినే బల్ల మీద చెప్పులేంటే, తియ్ అంది.

ఆవిడ ఒప్పుకుందనుకోకండి. నేను చెప్పిందేదీ అమ్మ "చూశావా"కి జవాబు కాదు, నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. కానీ ఆ రోజు రాత్రి ఆవిడే నా ఫోన్ తీసుకుని ఆ బొంగు చికెన్ ఆవిడకి చేసింది. నేను నంబరు ఊరికే తీసుకున్నా, చేస్తారో లేదో అనుకుంటూ. అమ్మ మాట్లాడింది నాకు వినిపిస్తోంది. అమ్మాయ్, బస్సు కాదు, ఆదివారం సాయంత్రం అరకులో కిరండూల్ బండి ఎక్కు, రాత్రి ఎనిమిదీ ఎనిమిదిన్నరకి దిగుతావు, మా ఆయన స్టేషన్ కి వస్తారు, మా ఇంట్లో పడుకోండి, సోమవారం పొద్దున్నే మా పిల్ల తీసుకెళ్తుంది, మధ్యాహ్నానికి బస్సెక్కేద్దురు.

వచ్చారండి! మొదటి ఆదివారం నాన్న స్టేషన్ కి వెళ్తూ పాత యూనిఫాం తప్ప అన్నీ వేసుకున్నారు. పిల్లాడు మా హాల్లో చాప మీద, మా మేనల్లుడి కార్లన్నీ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. సోమవారం సారు చూసి స్కోరు రాసి, ఐదేళ్ళొచ్చాయి కాబట్టి ఎక్కువ కట్లు పడతాయి, అయినా చేద్దాం అన్నారు. కేసు షీటులో కట్టు నంబరు దగ్గర నేను ఒకటి అని రాస్తుంటే వాళ్ళమ్మ తొంగి చూసి, ఒకటి కాదమ్మా, నాలుగోది, అంది. సారు నవ్వారు, మళ్ళీ మొదటినుంచేనమ్మా లెక్క అన్నారు. మూడు కట్లు కట్టించినాం గదా సారూ, అందావిడ, పట్టుగా. నేను షీటులో ఒకటి అనే రాశాను. పైన కట్టు మీద తేదీ రాస్తాం కదా స్కెచ్ పెన్నుతో, అక్కడ మాత్రం నాలుగు అని వేశా.

కిందటి సోమవారం ఐదోది. రేపు ఆరోది. అదే నేను వేసే ఆఖరుది, తర్వాత మా జూనియర్ వేస్తుంది, బాగా వేస్తుంది, నాకంటే ఓపికెక్కువ. కానీ ఇది కాఫీ పళ్ళు కోసే కాలం, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఏడాదిలో కూలి బాగా దొరికేది ఇప్పుడే, సరిగ్గా ఇప్పుడే మేము వారం వారం రమ్మంటున్నాం. వాళ్ళత్తగారు కిందటి వారమే గొడవ చేసిందట. ఆ గొడవ కూడా తప్పనలేను.

నేను వెళ్ళే ఎల్గాన్ కొండ మీద కూడా అరబికా కాఫీయేనట, ఆ కొండవాళ్ళు వెదురు చిగుళ్ళు పొగలో ఎండబెట్టి వేరుశెనగ ముద్దతో వండుకుంటారట, మలేవా అంటారు. చదివి నవ్వొచ్చింది, అరకు నుంచి అరకుకే వెళ్తున్నట్టుంది. అక్కడి క్లినిక్ లో కూడా మూడో కట్టు తర్వాత రానివాళ్ళుంటారు, కాఫీ కోతకని మానేసినవాళ్ళు. కంపాలా నుంచి ఎంబాలే వెళ్ళే దారిలో జింజా వస్తుంది, నైలు మొదలయ్యే చోట, 1948లో గాంధీగారి అస్థికలు కొన్ని అక్కడ కలిపారు, నాన్న అది చూసి ఫోటో పంపమన్నారు. ఆయన నా సూట్ కేసు లైన్ బాక్సు సర్దినట్టు సర్దారు, 23 కిలోలు, స్ప్రింగు త్రాసుతో ఆరుసార్లు తూచి. ఆవకాయ అమ్మ పెట్టింది, నాలుగు కవర్లు చుట్టి. మాట్లాడకుండా పెట్టింది.

టైమెంతయింది? ఏడూ ఇరవై ఐదు. చూశారా, నాన్న మెసేజ్, స్టేషన్ కి వెళ్ళిపోయారట ఇప్పటికే. వాళ్ళ ఫోను ఇంకా కలవట్లేదట. టన్నెళ్ళలో సిగ్నల్ ఉండదు, ఎస్.కోట దిగాక కలుస్తుంది మామూలుగా, ఈపాటికి దిగి ఉండాలి. ఎక్కారో లేదో. అమ్మ అయితే నలుగురికి ఎక్కువే వండింది, అందుకే రాలేదు మీటింగుకి. నేను వెళ్తానండి. ప్రశ్నలుంటే మంగళవారం దాకా ఇంట్లోనే ఉంటా, రండి.